ఎదుటి షెడ్డు అద్దం

మా పెద్దవదినకు కుళ్ళు. ఈ మాట ఆవిడ మొహం మీదే అంటాను, నాకేం భయం? పక్కింటివాళ్ళు మేడ కట్టినా, ఎదురింటి పిల్లకు మొదటి ర్యాంకు వచ్చినా ఆవిడకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆవిడ కుళ్ళంతా గాజు మీదే. తనకంటే నున్నగా ఇంకొకరు పాలిష్ పట్టారని తెలిస్తే చాలు, ఇంట్లో గిన్నెలు మోగుతాయి.

మాది అద్దాలు పాలిష్ పట్టే వీధి. మొహం చూసుకునే అద్దాలు కావు, లేజర్ యంత్రాల్లోకి వెళ్ళేవి. యూనివర్సిటీ ల్యాబ్ వాళ్ళు ఆర్డరిస్తారు. ఫ్యాక్టరీ వాళ్ళు వాటిని యంత్రాల్లో బిగిస్తారు. మధ్యలో మా షెడ్లు. పాలిష్ పొడి అయిపోతే పక్క షెడ్డులో చేబదులు తెచ్చుకుంటాం. మోటారు కాలిపోతే వాళ్ళ మోటారు మీదే పని కానిచ్చుకుంటాం. కానిచ్చుకుంటూనే వాళ్ళ ఆర్డరు ఎలా లాక్కోవాలా అని చూస్తాం. ఇన్ని వేషాలు తెలుసు కాబట్టే ల్యాబ్ వాళ్ళు ఒక నియమం పెట్టారు. ఎవరి అద్దం వాళ్ళు పరీక్ష చేసుకోకూడదు. ఇంకో షెడ్డువాళ్ళు చూసి బాగుందంటేనే బాగున్నట్టు.

చిన్నవదినకు పని నేర్పింది పెద్దవదినే. ఇద్దరూ మా అన్నల భార్యలే. నాకు ఇద్దరూ కావలసినవాళ్ళే, అదే నా ఖర్మ. పెద్దావిడ పక్కన కూర్చుని అన్నీ నేర్చుకున్న చిన్నది వేరుపడి, సరిగ్గా మా ఎదురుగానే షెడ్డు పెట్టింది. ఫ్యాక్టరీ వాళ్ళు తమ కొత్త పాలిష్ యంత్రాన్ని వాడి చూడమని ముందు ఆమెకే ఇచ్చారు. దాన్ని లారీలోంచి దింపుతుంటే పెద్దవదిన గుమ్మంలో నిలబడి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది.

"ఏకు మేకవడమంటే ఇదేనే అమ్మాయ్! పాలిష్ పట్టే తారు ఎంత వేడిచెయ్యాలో కూడా తెలీదు దానికి. నేను నేర్పితే కదా!"

"నువ్వు నేర్పబట్టే వచ్చింది. కాస్త సంతోషించొచ్చుగా వదినా."

"ఓహో, నువ్వు కూడా దాని పార్టీయేనా?" అని నా మీద పడింది.

ఈ ఏడాది ల్యాబ్ నుంచి పెద్ద ఆర్డరు పడింది. దాన్ని ఒక్క షెడ్డుకే అప్పగిస్తారట. మిగిలినవాళ్ళు ఆ షెడ్డు పంచిపెట్టిన పని చేసుకోవాలి. మచ్చుకు అందరూ తలా ఒక అద్దం చేశారు. చివరికి మిగిలింది మా ఇద్దరు వదినలే. పెద్దవదిన అద్దం పరీక్షలో నెగ్గింది. చిన్నవదినది కూడా నెగ్గితే, కొత్త యంత్రం ఉంది కాబట్టి ఆర్డరు ఆమెకే. అప్పుడు పెద్దవదిన రోడ్డు దాటి వెళ్ళి, తను నేర్పిన పిల్లనే పని అడగాలి.

"అంతకంటే ఏ నుయ్యో గొయ్యో చూసుకుంటాను," అంది.

తీరా చూస్తే చిన్నవదిన అద్దం పరీక్షకు వచ్చింది మా బల్ల మీదికే!

పరీక్ష అంటే పెద్ద తతంగం ఏమీ కాదు. పసుపు దీపం కింద, తప్పులేని గాజుబిళ్ళ మీద ఈ అద్దాన్ని ఆనిస్తే గీతలు కనపడతాయి. గీతలు తిన్నగా ఉంటే అద్దం బల్లపరుపు. వంగితే ఎక్కడో ఉబ్బుంది. కాకపోతే చెయ్యి తగిలిన గాజు ఆ వెచ్చదనానికే ఉబ్బుతుంది. అందుకని రాతిపలక మీద పెట్టి చల్లారనిచ్చాకే చూడాలి. "పట్టుకున్న గాజు ఏడుస్తున్న పిల్లలాంటిది, ఊరుకున్నాకే పలకరించాలి," అని మాకు చెప్పి చెప్పి చంపింది ఈవిడే.

ఆవేళ ఆవిడకే అది గుర్తులేదు. అద్దాన్ని అరచేతుల్లో పెట్టుకుని, గీటు ఎక్కడ పడిందా, మచ్చ ఎక్కడుందా అని తిప్పి తిప్పి చూసింది. ఏమీ దొరక్క ఒళ్ళు మండి, అలాగే తీసుకెళ్ళి దీపం కింద పెట్టింది.

"వంగాయే! చూడవే, ఎలా వంగాయో!"

నేను చూసేలోపే ల్యాబ్‌కు ఫోను చేసి, మధ్యలో ఉబ్బుందని చెప్పేసింది. మధ్యాహ్నం అన్నం మారు వడ్డించుకుంది. కూనిరాగం కూడా తీసింది, వినలేక చచ్చాం.

భోజనాలయ్యాక, ఆ వంకర మా పెద్దన్నకు కూడా చూపించాలని లాక్కొచ్చింది. అన్నయ్య వంగి చూసి, "ఏదీ వంకర?" అన్నాడు. గీతలన్నీ దారం లాగి పట్టినట్టున్నాయి.

పెద్దవదిన మొహంలో నెత్తురు చుక్క లేదు. తన చేతులకేసి చూసుకుంది.

"చెప్పేశావుగా," అన్నాడు అన్నయ్య మెల్లగా. "సాయంత్రం తేల్చేస్తారు. మనం కిమ్మనకుండా ఉంటే ఆర్డరు మనదే."

ఆవిడ అద్దాన్ని మళ్ళీ చూసింది. కాసేపు అటూ ఇటూ తిరిగి మళ్ళీ వచ్చి చూసింది. "నాకెప్పుడూ ఇంత తిన్నగా రాలేదే. కడుపు రగిలిపోతోంది," అని ముక్కు చీదింది. "దాన్ని ఓడించాలని నాకు ఎంతుందో నీకు తెలీదు. కానీ ఇలాగా? నా చెమట చేతులు పెట్టా?"

ఫోను తీసి, "అద్దం బాగుంది. నేనే చల్లారకుండా చూశాను," అని పెట్టేసింది.

సాయంత్రం అద్దం తీసుకెళ్ళడానికి చిన్నవదిన వచ్చింది. ఆర్డరు ఆమెకే అని అప్పటికే వీధంతా తెలిసిపోయింది. పెద్దవదిన వెనక్కి తిరక్కుండా, "అదిగో నీ బంగారం, తీసుకుపో," అంది.

"అక్కా, పరీక్షకు ఎవరి దగ్గరికి పంపమంటావని ల్యాబ్ వాళ్ళు అడిగారు. నీ పేరు నేనే చెప్పాను."

"నా పేరా? మతి ఉండే చెప్పావా?"

"ఇంకొకరు బాగుందంటే మొహమాటానికి అన్నారంటారు. నీకు నా మీద ఎంత కుళ్ళో ల్యాబ్‌లో గుమాస్తాక్కూడా తెలుసు. నువ్వే బాగుందన్నాక ఇంకెవరు నోరెత్తుతారు?"

నాకు నవ్వాగలేదు. పెద్దవదిన మాత్రం గిర్రున తిరిగింది. "మరి ఉబ్బుందన్నానుగా?"

"ల్యాబ్ వాళ్ళు ఆ మాట చెప్పారు. కూర్చుని ఏడ్చాను కూడా. కానీ అద్దం నీ దగ్గరే ఉందిగా. అది నిజంగా బాగుంటే, నువ్వు దాన్ని మళ్ళీ మళ్ళీ చూడకుండా ఉండలేవు అక్కా."

పెద్దవదిన అద్దం పెట్టె మూత తీసి, దాన్ని ఇంకోసారి చూసి, మూసి, చిన్నదాని చేతిలో పెట్టింది.

"రేపు నా వంతుకెన్ని అద్దాలు ఇస్తావు?" అని అడిగింది.