ఎన్నూరులో గీతకి పైన నిలబడ్డ మనిషి

ఓడలో అప్రెంటిసుగా చేరాలంటే నాకు మా మాస్టారి సంతకం కావాలి. ఆయన పెద్ద ఓడల్లో ఆఫీసరుగా చేసి దిగినవారు. నక్షత్రాలను చూసి, నేను నిలబడ్డ చోటేదో నేనే లెక్కగట్టి చూపిస్తేనే సంతకం పెడతానన్నారు. అందుకు ఆయన ఇచ్చిన, చుక్కల ఎత్తు కొలిచే సెక్స్టంటును సోమవారం తిరిగి ఇచ్చేయాలి. శుక్ర, శనివారాల తెల్లవారుజాములు మబ్బుల్లో పోయాయి. అందుకే ఆదివారం, మాఘమాసపు చలిలో, వ్యాసర్పాడి నుంచి సముద్రపు ఒడ్డునున్న ఎన్నూరు బయల్దేరాం, నేనూ, రైల్వే షెడ్డులో పనిచేసే మా సుబ్బు బావా.

బేసిన్ బ్రిడ్జి స్టేషను దాకా నడిచి తొలి బండి పట్టుకుంటే తెల్లవారకముందే ఎన్నూరులో దిగవచ్చు. టికెట్టు కొద్ది అణాలే. తిరువొత్తియూరు దాటాక పెట్టెలో మేమిద్దరమే మిగిలాం. స్టేషను బయట దోసెల్లాంటి ఆప్పాలు పోసే అవ్వ పొయ్యి రాజేస్తోంది. వచ్చేటప్పుడు తింటామని చెప్పి, నడిచి వెళ్ళి సముద్రం పక్కన ఎత్తయిన ఇసుక మెట్ట ఎక్కాం.

సెక్స్టంటు అద్దంలో నక్షత్రాన్ని కిందికి దించి, నీరూ ఆకాశమూ కలిసే గీత మీద ఆనించాలి. అప్పుడది ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది. చుక్కలూ గీతా రెండూ కనబడేది వెలుగు రాబోయే ముందు కాసేపే. నేను ‘ఇప్పుడు’ అనగానే బావ గడియారం చూసి రాసుకోవాలి. అభిజిత్తు, జ్యేష్ఠ, శ్రవణం. పంచాంగంలో ఎన్నోసార్లు విన్న మాటలే, ఆ చలిలో పైకి అంటుంటే కొత్తగా తోచాయి.

శ్రవణాన్ని దించుతుండగా సెక్స్టంటు దుర్భిణిలో ఒక మనిషి కనిపించాడు. గీతకి పైన నిలబడి ఉన్నాడు. కాళ్ళ కింద నీళ్ళు లేవు, తెప్పలాంటి కట్టుమరం లేదు, బూడిదరంగు ఆకాశమే. కదలడం లేదు. మొహం మా వైపే. బావకిచ్చాను. అతను చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు. నేను రెండుసార్లు ‘ఇప్పుడు’ అన్నాక గానీ అతని పెన్సిలు కదలలేదు. మళ్ళీ చూసేసరికి అక్కడ ఎవరూ లేరు.

పొయ్యి దగ్గర కూర్చుని, చేపల వేటకు ఎవరు వెళ్ళారని అవ్వనడిగాను.

“ఈ మంచులో ఎవురు పోతారు నాయినా? మరాలన్నీ ఇసకలోనే ఉండాయి, ఆడ చూడు.”

నిజమే, అన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆమె ఆప్పాలు అయిపోయేదాకా లెక్క వేశాను. మళ్ళీ మొదటి నుంచి వేశాను. రెండుసార్లూ ఒకటే వచ్చింది: నేనున్నది ఎన్నూరు ఒడ్డున కాదు, తూర్పుగా నాలుగు మైళ్ళ అవతల, సముద్రంలో. ఆ మనిషి నిలబడ్డ వైపే.

“నువ్వు ఎన్నూరులో ఉండేది నీకు తెలుసు గదరా, లెక్కని ఈడికి లాక్కొచ్చి పెట్టు,” అన్నాడు బావ. “ఆ మనిషి సంగతి మాత్రం రాయబాక. మీ మాస్టారు పిచ్చోడనుకుంటాడు.”

లెక్క మార్చడానికి నాకు చేతులు రాలేదు. వచ్చిన లెక్కనే ఉంచాను. కాగితం అడుగున, గీతకి పైన మనిషి కనిపించాడని కూడా రాశాను.

సోమవారం మాస్టారు కాగితమంతా చదివారు. “లెక్క తప్పు కాదు, గీత తప్పు. నువ్వు చూసింది మంచు అంచు. అసలు గీత దాని వెనక, ఇంకా పైన ఉంది. ఇలాంటి గీతని నమ్మితే నడిసముద్రంలో ఉన్నామనుకుంటూ ఓడను ఒడ్డుకెక్కిస్తావు. మంచున్నప్పుడు మెట్ట ఎక్కకూడదు, నీటి అంచున కూర్చుని చూడాలి, అప్పుడు గీత మంచుకి ఇవతలే పడుతుంది,” అన్నారు. ఆ మనిషి మంచు వెనక మరం మీద ఉండి ఉంటాడనీ, అక్కడా నీళ్ళున్నాయని చెప్పింది అతనేననీ, అది రాయకపోతే సంతకం పెట్టేవాణ్ణి కాననీ అంటూ కలం తీశారు.

ఆ రోజు ఒక్క మరం కూడా వేటకు వెళ్ళలేదని చెప్పాను. కలం ఆగింది.

“మొహం ఎటువైపుంది?”

“మా వైపేనండీ.”

ఆయన సంతకం పెట్టి, సెక్స్టంటును పెట్టెలో పెట్టి మూత వేశారు.

క్షితిజమంటే భూమి నుంచి పుట్టినదని నిఘంటువులో చూసి మురిసిపోయిన రోజులవి. నేను నమ్మిన క్షితిజం మంచులోంచి పుట్టింది. దాని సంగతి మాస్టారు విడమరిచి చెప్పారు. ఆ మనిషి సంగతి చెప్పగలిగినవారు నాకింకా దొరకలేదు. ఎన్నూరులో సాధనకు వెళ్ళేవారికి ఒక్క మాట: గడియారం పట్టుకోవడానికైనా సరే, ఒకరిని వెంట తీసుకెళ్ళండి. మీరు చూసినది ఇంకొకరు కూడా చూసి ఉండటం చాలా అవసరం.