మా అమ్మీ టైపు మిషన్, నేను చదవని రెండు కాగితాలు

మా చిన్నప్పుడు... తిరుపతిలో మా ఇంటి ముందు గదిలోంచి టకటకమని చప్పుడు వచ్చిందంటే, అమ్మీ పనిలో కూర్చుందని వీధంతటికీ తెలిసేది.

అది తెలుగు టైపు మిషన్. పెళ్ళికి ముందు అమ్మీ టైపు నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌ను మూసేస్తుంటే, ఎవరూ అడగని ఆ మిషన్‌ను ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. గుమ్మం పక్కన "ఇచ్చట తెలుగు టైపు చేయబడును" అని అట్ట కట్టింది. ఇంట్లో మేం మాట్లాడేది ఉర్దూ... మిషన్ ముందు కూర్చుంటే మాత్రం అమ్మీ నోట తెలుగే వచ్చేది.

మా అబ్బాకు, అంటే నాన్నకు, ఆ పని మీద నమ్మకం లేదు. ఆయన టైలరు. ఆరు నెలలైనా అర్జీలు, అప్లికేషన్లు తప్ప ఏమీ రాలేదు. ఇంకొన్నాళ్ళు చూసి మిషన్ అమ్మేద్దామనేవాడు.

అలాంటప్పుడు వచ్చింది సరోజక్క. కార్వేటినగరం దగ్గర పల్లె ఆమెది. యూనివర్సిటీ హాస్టల్లో ఉంటూ, వాళ్ళ వైపు ఆడవాళ్ళు వడ్లు దంచేటప్పుడు, నాట్లేసేటప్పుడు పాడే పాటల మీద థీసిస్ రాసింది.

"శనివారం నాలుగ్గంటల్లోపల ఆఫీసులో ఇయ్యాలక్కా. తప్పితే మళ్ళా ఆర్నెల్లు ఆగాల. ఇది బాగా వచ్చిందంటే హాస్టల్లో అందురూ నీ కాడికే వస్తారు" అంది.

నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆమె చేతిరాత కాగితాలు నేను పైకి చదవాలి, అమ్మీ టైపు కొట్టాలి. మధ్యలో కార్బన్ కాగితాలు పెట్టి ఒకేసారి నాలుగు కాపీలు. ఒక్క ఒత్తు తప్పు పడితే నాలుగింటిలోనూ దిద్దాలి...

ఒకరోజు సాయంత్రం బయట పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. నా పేరు పెట్టి పిలుస్తున్నారు. చేతిలో ఉన్న రెండు కాగితాల నిండా ఏదో పాట... పొట్టి పొట్టి పాదాలు, ఎంతకీ తరిగేలా లేవు. ఆ తర్వాతి కాగితం కొత్త పేరాతో మొదలైంది. ఆ రెండూ వదిలేసి అక్కణ్ణుంచి చదివేశాను. అమ్మీకి అనుమానం రాలేదు. నేను ఆటకు పరుగెత్తాను.

రేపు చెబుదామనుకున్నాను. రేపటికి పది పేజీలు ముందుకు పోయాయి. ఎల్లుండికి ఇంకో పది... ఇక నోరు రాలేదు.

శనివారం పదకొండింటికి సరోజక్క వచ్చింది. చాప మీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతూ తప్పులు చూసుకుంటోంది. నేను వదిలేసింది ఎనభై మూడో పేజీ తర్వాత. డెబ్బై అయింది... ఎనభై అయింది... ఎనభై మూడు తిప్పింది. ఎనభై నాలుగు తిప్పింది. ఆగలేదు.

బతికిపోయాననుకున్నాను.

కట్టకు పురికొస చుట్టి, చెప్పులు వేసుకుంటూ అమ్మీతో అంది. "మా అవ్వ పాడిన పాట మాత్రం సూడలేదక్కా. ఆ కాడికి రాంగానే కండ్లు మూసుకోని తిప్పేసినా. పోయినేడే పాయ గదా అవ్వ... ఏడుపొస్తాది. నువ్వు సరిగ్గానే కొట్టింటావులే."

అమ్మీ నొసలు ముడిపడింది. ఆ పాట ఆమెకు గుర్తు రావడం లేదు... ఎలా వస్తుంది, తను కొట్టనే లేదు.

"అక్కా... ఆ రెండు కాగితాలు నేను సదవలేదు" అన్నాను. "ఆడుకోను పోవాలని వదిలేసినా."

సరోజక్క గుమ్మంలోనే కూలబడింది. "ఒంటిగంటకు ఇయ్యమన్నాడే బైండింగాయన" అంది, నాతో కాదు, గోడ గడియారంతో. అప్పటికే పన్నెండున్నర.

అమ్మీ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తెల్లకాగితాల మధ్య కార్బన్లు సర్ది మిషన్‌లోకి ఎక్కించింది.

"నెంబర్లన్నీ మారిపోతాయి గదక్కా" అంది సరోజక్క.

"ఎనభై మూడు అ, ఎనభై మూడు ఆ అని ఏస్తాను. కట్ట కదిలిచ్చే పన్లేదు" అని, నా వైపు తిరిగింది. "సదువు."

చదివాను. నేను తొందరపడి తడబడినప్పుడల్లా అమ్మీ వేళ్ళు ఆగేవి. "నిదానంగా సదువు మే. ఇప్పుడు తప్పు పడితే దిద్దేదానికి టైం ల్యా." సరోజక్క గోడకు ఆనుకుని, ఈసారి కళ్ళు మూసుకోకుండా, ప్రతి పాదమూ వింది.

రెండో కాగితం సగంలో ఉండగా అబ్బా భోజనానికి వచ్చాడు. ముగ్గురి ముఖాలూ చూశాడు. జరిగింది అమ్మీ రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా బయటికెళ్ళి మోపెడ్ స్టార్ట్ చేశాడు. కాగితాలు ఇలా తీయడం, సరోజక్కను ఎక్కించుకుని అలా పోవడం.

మూడయింది. నాలుగయింది... అమ్మీ అన్నం ముట్టలేదు. నేనూ ముట్టలేదు.

ఐదుకు అబ్బా ఒక్కడే వచ్చాడు. ఇంకో పది నిమిషాల్లో తలుపులేస్తారనగా థీసిస్ తీసుకున్నారట. ఆలస్యమైందని బైండింగాయన విసుక్కుంటే, సూదీ దారం అడిగి తీసుకుని రెండు కాపీలు అబ్బానే కుట్టాడట. ఆ తర్వాత మిషన్ అమ్మే మాట ఆయన నోట మేం వినలేదు.

మర్నాడు పొద్దున ఎవరిదో అర్జీ వచ్చింది. నేను వంటింట్లో దాక్కున్నాను. "రామ్మే, సదువు" అని పిలిచింది అమ్మీ.

"నేనా?"

"తప్పు సేసింది నువ్వు. ఎన్ని కాగితాలో లెక్కబెట్టకుండా నీ సేతికిచ్చింది నేను. ఇంక లెక్కబెట్టి ఇస్తాలే... కూర్చో."

సరోజక్క మాట నిలబెట్టుకుంది. హాస్టల్ నుంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఊళ్ళోకి కంప్యూటర్లు వచ్చేదాకా ఆ గదిలో చప్పుడు ఆగలేదు.

ఇప్పుడు నేనూ ఇంట్లోంచే, కంప్యూటర్ మీద పని చేస్తున్నాను. పేజీ మర్చిపోతే మధ్యలో దూర్చేయొచ్చు, నెంబర్లు వాటంతటవే సర్దుకుంటాయి... తప్పు జరిగిందని ఎవరికీ చెప్పాల్సిన పనే లేదు.

మీ అమ్మ ఇంట్లో కూర్చుని ఏ పని చేసేది? మీ వల్ల ఆ పనికి ముప్పు వచ్చిన రోజు ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి, చదువుతాను... ఈ కాలంలో పని చేసే మనిషి పక్కన కూర్చుని చదివిపెట్టే అవసరం ఎవరికీ లేకుండా పోయింది.