కుడిచేతి ముడి

మంచినీళ్ళ రిజర్వాయరు నుంచి ఊళ్ళోకి వెళ్ళే కాలువ మొదట్లో ఇనుప కడ్డీల జల్లెడ ఒకటుంది. కొట్టుకొచ్చే నాచు, ఆకులు, ప్లాస్టిక్ సంచులు అన్నీ దానికే పట్టుకుంటాయి. పైపైది కొక్కెం కర్రతో లాగొచ్చు. కడ్డీలకు చుట్టుకున్నది చేత్తో పీకాల్సిందే. చలికాలం పొద్దున్నే ఆ నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు ఉన్నాయో ఊడాయో తడిమి చూసుకోవాలి. ఆ పని చేసేది ఇద్దరే, బావా బావమరిదీ.

బావను అక్కడ అందరూ బావ అనే పిలుస్తారు. ఆఖరికి సూపర్‌వైజరుకూ బావే. బావమరిది ఒకప్పుడు రోజంతా "బావా, బావా" అని వేళాకోళం ఆడుతుంటే విని విని అందరి నోటా అదే నిలిచిపోయింది. ఇప్పుడా మాట అననిది బావమరిది ఒక్కడే. మూడేళ్ళ కిందట అక్క జబ్బుచేసి పోయింది. ఆసుపత్రి వరండాలో, పదిమంది ముందు, అతను నోరు జారాడు. "అక్కను నువ్వే చంపావు" అన్నాడు. అది నిజం కాదని అంటున్నప్పుడే అతనికి తెలుసు. ఆ మాట వెనక్కి తీసుకుందామని ఎన్నోసార్లు నోరు తెరిచి, తెరిచినన్నిసార్లూ మూసుకున్నాడు.

పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. తనవాడంటూ మిగిలిన ఒక్క బావతోనూ మాటల్లేవు. మంచం, స్టవ్వు, మేకుకు వేలాడే తడిచొక్కా, అంతే అతని గది. ఆదివారాలు ఆ గదిలో గొంతు పనిచేస్తోందో లేదోనని దగ్గి చూసుకునేవాడు.

ఇద్దరినీ కలిపేది ఇక ఒక్కటే. వాళ్ళ రబ్బరు గ్లౌజులు మోచేతి పైదాకా వస్తాయి. అంచున తాడుంటుంది. అది బిగించి ముడెయ్యకపోతే నీళ్ళు లోపలికి దిగుతాయి. ఎడమచేతిది ఎవరికి వారు కుడిచేత్తో, పళ్ళతో కట్టుకోవచ్చు. కుడిచేతిది కట్టాలంటే, అప్పటికే గ్లౌజులో ఇరుక్కున్న ఎడమచెయ్యి ఒక్కటీ చాలదు. పక్కవాడి ముందు చెయ్యి చాచాలి. బావ అతనికి కట్టేవాడు, అతను బావకు కట్టేవాడు. ఇద్దరూ కాలువ వైపే చూసేవాళ్ళు. అరనిమిషం పని. ఎండాకాలంలో గ్లౌజులుండవు, ఆ అరనిమిషమూ ఉండదు. అందుకే లోకమంతా చలి ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే, ఈ పిచ్చిమారాజు ఎప్పుడొస్తుందా అని చూసేవాడు.

ఈసారి పాత గ్లౌజులు పంక్చరు అతుకులకు కూడా లొంగలేదు. రెండు జతలు చూసి తెమ్మని సూపర్‌వైజరు అతన్నే పంపాడు. చేతికి బిగుతుగా ఉన్నవి తీసుకోవద్దని, లోపల ఉన్ని ఉండి వేళ్ళు హాయిగా ముడుచుకోగలిగితేనే వెచ్చగా ఉంటుందని కొట్టువాడు చెప్పాడు. అతను ఒకదాన్లో గాలి ఊది, అంచు మడిచి, చెంప దగ్గర పెట్టి నొక్కాడు. ఎక్కడా చిల్లు లేదు. అప్పుడు కొట్టువాడు ఇంకో జత తీశాడు. అదే రబ్బరు, అదే ఉన్ని. తాడు బదులు వెడల్పాటి పట్టీ.

"ఒంటిచేత్తో లాగితే అదే అతుక్కుంటుంది. ఇంకొకరితో పని లేదు."

వేసుకుని లాగి చూశాడు. శుభ్రంగా బిగిసింది. ఇవి పట్టుకెళితే బావ ఇక తన ముందు చెయ్యి చాచడు. బావకు ఏది సుఖమో ఆలోచించాలని తెలుసు, సిగ్గు కూడా వేసింది. అయినా తాడున్నవే రెండు జతలు కట్టమన్నాడు. కొట్టువాడు అతన్ని ఎగాదిగా చూశాడు.

మర్నాడు పొద్దున బావ కొత్త గ్లౌజులు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పట్టీవి లేవా కొట్లో?"

మూడేళ్ళలో అదే మొదటి మాట. అబద్ధం ఆడొచ్చు. ఆడబుద్ధి కాలేదు.

"ఉన్నాయి బావా."

బావ ముందుగా అతనికి ముడి వేశాడు. తర్వాత తన చెయ్యి చాచి, ఎప్పటిలాగే కాలువ వైపు తిరిగాడు.

"గట్టిగా లాగు. నిరుడు వదులుగా కట్టావు. చలికాలమంతా నీళ్ళు లోపలికి దిగుతూనే ఉన్నాయి."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? మాటల్లేవుగా."

బావమరిదికి కళ్ళు మసకబారాయి. తన గ్లౌజులు రెండూ ఊడబీకి కింద పడేసి, ఆ చలిలో ఉత్తిచేతులతో బావకు ముడి వేశాడు.