లారీ క్యాబిన్‌లో వినబడని చప్పుడు

సాలూరులో జీవితమంతా లారీ నడిపిన మా పొరుగింటి మావ గత సోమవారం ఉదయం కన్నుమూశారు. రక్తసంబంధం కాదు, వీధి వరుస. కబురు వినగానే నాకు దుఃఖం కన్నా ముందు సిగ్గు కలిగింది. దాని కారణం చెప్పుకోవడం నా విధి.

పగలు పనిచేసి, రాత్రి బడిలో చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ని. నా వాదనకు తిరుగులేదనుకునేవాణ్ని. ఒకసారి లారీ ఒకటి నన్ను రాసుకుంటూ పోయాక, మోటారు సైకిలుకు పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్ బిగించుకున్నాను. వినబడేవాడే బతుకుతాడని వీధిలో అందరికీ బోధించాను.

మావ వాదించలేదు. నన్ను తన లారీ క్యాబిన్‌లో కూర్చోబెట్టి, ఇంజను స్టార్టు చేసి, అద్దాలు ఎత్తి, నా బండి తీసుకుని లారీ వెనక్కి వెళ్లారు. ఎంతసేపటికీ ఏమీ వినబడకపోతే అద్దం దించి తల బయటపెట్టి అరిచాను.

"మావా, ఇంకా మొదలెట్టవేటి?"

"ఓరి అల్లుడా! మూడుసార్లు ఎక్సలేటరు తిప్పీసినాను. ఇనపడనేదా?"

"నీది పాత లారీ. అందుకే ఇనపడనేదు."

"రోడ్డు మీదకి కొత్త లారీలే వస్తాయని కాయితం రాయించుకున్నావేటి? సప్పుడుని నమ్ముకోకు. లారీ పక్క అద్దంలో డ్రైవరు మొకం నీకు కనపడితేనే నువ్వు ఆడికి కనపడినట్టు."

ఆయన మాట నిజమని లారీ దిగేలోపే నాకు తెలుసు. ఆనాటి నుంచి ఏ లారీ పక్కన వెళ్లినా అద్దంలో ముఖం వెతుకుతూనే ఉన్నాను. సైలెన్సర్ మాత్రం మార్చలేదు. మారిస్తే ఓడిపోయినట్టని.

ఆయన లారీ ఎక్కే ముందు చుట్టూ తిరిగి, వంగి కింద చూసేవారు. కుక్క పడుకుని ఉంటే లేపి, అది ఒళ్లు విరుచుకుని వెళ్లేదాకా ఆగేవారు.

చివరి నెలల్లో గుండె జబ్బుతో వీధి గదిలోనే మంచం పట్టారు. నేను బండి తీసినప్పుడల్లా ఆయన చేయి ఛాతీ మీదికి పోవడం కిటికీలోంచి చూశాను. చూసి కూడా వెళ్లిపోయాను. "కూసింత సప్పుడు తగ్గించు నాయినా" అని అత్త ఒకసారి అంటే, "ఊరుకోయే, ఆడి బండి ఆడిష్టం. జాగర్తగా ఎల్లు అల్లుడా" అన్నారు మావ.

నిన్న సాయంత్రం వీధి మొదట్లోనే ఇంజను ఆపి, బండిని నెట్టుకుంటూ వచ్చాను. అరుగు మీద కూర్చున్న అత్త లేచారు.

"బండి సెడిపోనాదేటి నాయినా? మీ మావుంటే సిటికిలో సూసీవోడు."

"అవునత్తా, సెడిపోనాది" అన్నాను. నిజం నోట రాలేదు.

ఆమె అరుగు దిగి వచ్చి, సీటు వెనక చేయి వేసి, మా గుమ్మం దాకా నాతోపాటు నెట్టారు.