రంగం ఓడలు పోయిన దారి

మొన్న మా మనవరాలు చింతపల్లి దీపస్తంభం చూసొచ్చి, ఫోనులో ఫొటోలు చూపిస్తూ, నువ్వెప్పుడైనా అక్కడికెళ్లావా అని అడిగింది. వెళ్లాను. పెళ్లయిన రెండో ఏడు, మాఘ పౌర్ణమి సముద్రస్నానానికని మా అత్తతో కలిసి వెళ్లాను.

మా అత్త చీపురుపల్లి దగ్గర రైతు ఇంటి మనిషి, వరి మడి, గోగు చేను, వంటిల్లు తప్ప మరో లోకం ఎరగదు. ఆవిడ ఇంకా తల్లి కడుపులో ఉండగానే వాళ్ల నాన్న భీమిలి రేవులో ఓడెక్కి రంగం వెళ్లిపోయాడట. రంగూన్‌ని మా పెద్దవాళ్లు రంగం అనేవారు. ఆయన మళ్లీ రాలేదు, కబురూ లేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

స్నానమయ్యాక నేనే సరదాపడి, ఆవిడ చెయ్యి పట్టుకుని దీపస్తంభం ఉన్న కొండరాళ్ల మీదికి ఎక్కించాను. నీళ్లలో దాగిన రాళ్లకి గుద్దుకుని పూర్వం ఓడలు పగిలేవని, అందుకే ఈ దీపం పెట్టారని అక్కడి కాపలా పెద్దాయన చెబుతూంటే, అత్త ఉన్నట్టుండి "రంగం ఓడలు ఇటేనా ఎల్లేవి, బాబూ?" అంది. ఆయన తూర్పుకి చెయ్యి చాపాడు. అత్త కళ్లకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు అటే చూసింది. తర్వాత చూపు కిందికి దించి, "ఒసే, ఆ రాయి కదుల్తన్నాదేటే!" అంది.

అది రాయి కాదు, తెగిన వల చుట్టుకుపోయి రాళ్ల సందులో ఇరుక్కున్న సముద్రపు తాబేలు. పోటు మొదలైంది, దిగొద్దని పెద్దాయన అరుస్తున్నా వినకుండా అత్త కొంగు నడుముకి బిగించి ఆ నిటారు రాళ్ల వెంట దిగింది, వెనకాలే నేను. రొంటిసంచీలోంచి అడకత్తెర తీసి ఆవిడ ఒక్కొక్క పోగే కత్తిరిస్తూంటే, కెరటం నడుం దాకా వచ్చి కొడుతుంటే, ఒక చేత్తో రాయినీ ఒక చేత్తో ఆవిడ భుజాన్నీ పట్టుకుని నిలబడ్డాను. ఆఖరి పోగు తెగగానే తాబేలు మా మొహాల మీద ఇసక చిమ్మి నీళ్లలోకి జారిపోయింది.

పైకొచ్చాక పెద్దాయన, "ఎంత దూరమెల్లినా గుడ్లెట్టడానికి ఈ ఒడ్డుకే వస్తాదమ్మా" అన్నాడు. తడిచీర పిండుకుంటున్న అత్త ఆగిపోయింది. "మరి మా అయ్యకి ఒడ్డు గురుతు లేకపోనాదేటి?" అంది. ఏడవలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

తిరుగు బస్సులో మొట్టమొదటిసారి వాళ్ల నాన్న పేరు నాకు చెప్పింది, తల్లి నోట విన్న ఆయన పొడుగూ నడకా నవ్వూ చెప్పింది. ఆ తర్వాత ఎన్నేళ్లో, వడ్లు చెరుగుతూనో కూర తరుగుతూనో, రంగంలో వరి పండుతాదా, అక్కడోళ్లు ఏటి తింటారు అని అడిగేది. నేను బడి మేష్టార్లని కనుక్కొచ్చి చెప్పేదాన్ని.

ఇప్పుడు ఆ కొండ దాకా కార్లు వెళుతున్నాయట. రంగం వెళ్లొచ్చినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు, ఆ మాటకి అర్థం అడిగే పిల్లలూ లేరు. అత్త పోయి చాలా కాలమైంది. ఆ ఓడెక్కిన మనిషి పేరు తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే.