మా పనస తలుపులు పంచాయతీకి వెళ్ళిన రోజు

ఆ పీట ఇలా లాక్కుని నా పక్కకి జరగండి. దూరాన కూర్చుంటే ఈ సంగతిలో సగం గాలికి పోతుంది. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, తప్పు లేదు.

మాది రాజోలు వైపు, కాలవ గట్టునున్న ఊరు. తొంభైల్లో మా వీధి ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు కువైట్ వెళ్ళారు. నేనూ వెళ్ళాను. అక్కడ ఒక అరబ్బుల ఇంట్లో వంటపని. మా ఆయన కొబ్బరి లారీ మీద నెలలో ఇరవై రోజులు ఊళ్ళు తిరిగేవారు. ఇంటికీ దొడ్డికీ మా అత్తగారే అధికారి. వెళ్ళేముందు ఆవిడకి ఒక్కటే చెప్పాను.

"అత్తయ్యగారండీ, ఇల్లు నా పేరున ఉంది. ఏటా ఇంటిపన్ను మాత్రం మర్చిపోకండి. డబ్బు నేను పంపుతాను."

"ఆయ్, నువ్వెళ్ళిరా. పన్ను కట్టడం నాకు తెలీదేంటి," అన్నారావిడ.

ఐదేళ్ళు పంపాను. మధ్యలో ఒకసారి వచ్చాను గానీ, చుట్టాలతోనే సరిపోయింది. పన్ను మాట అడగాలని తోచనే లేదు. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మళ్ళీ రెండు నెలల సెలవు మీద వచ్చాను. తిరుగు విమానం ఇంకా పన్నెండు రోజులుందనగా మా తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. కూడబలుక్కుని చదివాను. ఐదేళ్ళ ఇంటిపన్ను బకాయి, దాని మీద అపరాధ రుసుము. సోమవారం లోగా కట్టకపోతే తలుపులు జప్తు చేస్తారట.

మా వైపు పన్ను ఎగ్గొట్టిన ఇంటికి పూర్వం నుంచీ అదే శిక్ష. బిందెలూ మంచాలూ ఎవరూ ముట్టుకోరు. తలుపులు ఊడదీసి తీసుకుపోయి పంచాయతీ గోడకి ఆనించి పెడతారు. వచ్చేపోయేవాళ్ళందరూ ఇవి ఫలానా వాళ్ళవని చెప్పుకుంటారు. మా తలుపులు చూస్తే ఎవరివో అడగక్కర్లేదు. మా పుట్టింట్లో గాలివానకి కూలిన పనసచెట్టు కోయించి, మా నాన్న స్వయంగా చిత్రిక పట్టి చేసిన తలుపులవి. చెయ్యి వేస్తే వెన్న రాసినట్టుండేవి.

అత్తగారిని అడిగాను. "కట్టేను కదే," అన్నారు.

"మరి రసీదులేవండీ?"

"రసీదేంటి. జుట్టు కత్తిరించే ఆయన కొబ్బరికాయలు పట్టుకెళ్ళి రసీదిస్తున్నాడా? పంచాంగం చెప్పే పంతులుగారిస్తున్నారా? ఏటా మన దొడ్లో చెట్లెక్కి కాయల దింపు అవగానే ఆ బిల్లుకలెక్టరు వచ్చేవాడు. అరవై కాయలు ఒలిపించి, గోనెసంచిలో పోసి, సైకిలుకి కట్టించి మరీ పంపేను. ఒక్క ఏడన్నా వద్దన్నాడేమో అడుగు."

అప్పటికి గానీ నాకు బోధపడలేదు. మావయ్యగారున్నన్నాళ్ళూ పన్నులు ఆయనే చూసుకున్నారు. అత్తగారికి తెలిసిందల్లా, ఊళ్ళో మన పని చేసేవాళ్ళకి ఏడాదికోసారి కాయలిచ్చే వాడుక. బిల్లుకలెక్టరు కూడా ఏడాదికోసారే వస్తాడు కాబట్టి ఆయన్నీ ఆ వరసలోనే కలిపేశారు.

"మరి నేను పంపిన డబ్బేమయిందండీ?"

ఆవిడ గడ్డంతో దొడ్డి వైపు చూపించారు. "పన్ను కాయల్లో తీరిపోతోంటే డబ్బు ఊరికే ఉంచడం దేనికనీ, దింపు డబ్బు కూడా కలిపేను. అదిగో, నెమరేస్తోంది."

ఐదేళ్ళ ఇంటిపన్ను తోక ఊపుతూ నా వంక చూసింది. మంచి పాడిగేదె, వంక పెట్టడానికేమీ లేదు.

పోనీ ఇప్పుడు కట్టేస్తానంటే ఆవిడ పడనివ్వలేదు. "నువ్వు రూపాయి కట్టేవా, అత్తగారు ఐదేళ్ళూ డబ్బు మింగేసిందని ఊరంతా అంటుంది. నువ్వు విమానం ఎక్కుతావు. ఈ వీధిలో తిరగాల్సింది నేను," అన్నారు. ఆ మాటా నిజమే. తలుపులు పోతే పరువు పోతుంది, డబ్బు కడితే ఆవిడ మాట పోతుంది.

మా ఆయన లారీ మీద ఉన్నారు, బిల్లుకలెక్టరు ఇంటికి నేనే రెండుసార్లు వెళ్ళాను. ఊళ్ళో లేడని రెండుసార్లూ వాళ్ళావిడ చెప్పింది. సైకిలు మాత్రం గుమ్మంలోనే ఉంది.

ఆదివారం సాయంత్రం నాకొక ఆలోచన వచ్చింది. "అత్తయ్యగారండీ, వాళ్ళొచ్చి ఊడదీస్తే పరువు తక్కువ. మనమే పట్టుకెళ్ళి ఇస్తేనో?"

"పసుపు రాసి పట్టుకెళ్దాం," అన్నారావిడ.

సోమవారం పొద్దున్నే వడ్రంగిని పిలిచి తలుపులు దింపించాం. పసుపు రాసి, బొట్లు పెట్టి, రిక్షాలో పడుకోబెట్టాం. ఎండకి పనసచెక్క బీటలిస్తుందని అత్తగారు తలుపులకి గొడుగు పట్టి పక్కన నడిచారు. వెనక ఇంకో రిక్షాలో నా కువైట్ పెట్టెలూ, చాపలూ, గిన్నెలూ, కిరసనాయిలు స్టౌ. దారిలో ఎవరెక్కడికని అడిగినా ఆవిడది ఒకటే జవాబు. "పంచాయతీలో కాపురానికండి."

మేం చేరేసరికి వెనక పాతికమంది పోగయ్యారు. లోపల ప్రెసిడెంటుగారు పేపరు చదువుకుంటున్నారు. కొత్తగా వచ్చిన సెక్రటరీగారు రిజిస్టర్లు చూసుకుంటున్నారు. ఊళ్ళో లేని బిల్లుకలెక్టరు ఆయన పక్కనే ఉన్నాడు. తలుపులు గోడకి ఆనించి, నేను చాప పరిచాను.

"తలుపుల్లేని ఇంట్లో సామాన్లు ఎవరు కాస్తారండీ. అవెక్కడుంటే మేమూ అక్కడే. స్టౌ ఎటు పెట్టుకోమంటారు?"

"స్టౌ ఏంటమ్మాయ్, ఇది ఆఫీసు," అన్నారు ప్రెసిడెంటుగారు.

"మీకూ ఉప్మా పెడతాం లెండి బాబూ," అన్నారు అత్తగారు.

సెక్రటరీగారికి మా వాలకం నచ్చలేదు. రిజిస్టరు తిప్పి చూపించారు. "ఏటా మా మనిషి మీ ఇంటికొచ్చాడమ్మా. ఐదుసార్లూ ఒకటే రాసుంది. యజమాని విదేశంలో ఉన్నారు, తలుపులకి తాళం వేసి ఉంది అని."

అత్తగారు లేచి, తలుపు మీద చేత్తో తట్టారు. "ఈ తలుపులకేనా బాబూ? తాళం ఎక్కడేసుందో చూపించండి."

సెక్రటరీగారు దగ్గరకొచ్చి చూశారు. బయటివైపు గొళ్ళెం లేదు, రింగు లేదు, ఒక మేకు కన్నం కూడా లేదు. మా నాన్న పెట్టలేదు. లోపలివైపు అడ్డకర్రకి కొక్కేలు మాత్రం ఉన్నాయి.

"అడ్డకర్ర వెయ్యాలంటే లోపల మనిషుండాలి కదండీ. ఆ మనిషిని నేనే. ఐదేళ్ళలో పొలిమేర దాటింది లేదు. నేను తలుపు తీస్తేనే కదా, ఏటా అరవై కాయలు మీవాడి సైకిలెక్కింది," అన్నారు అత్తగారు.

అందరూ బిల్లుకలెక్టరు వైపు చూశారు. ఆయన తల గోక్కున్నాడు. "మామ్మగారు అభిమానంగా ఇచ్చేరనుకున్నానండి."

"అభిమానంగా ఇవ్వడానికి నువ్వేమన్నా మా ఇంటి అల్లుడివా నాయనా. అల్లుడికైనా ఒలిచి ఇవ్వను, పీచుతోనే ఇస్తాను."

ప్రెసిడెంటుగారు పేపరు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వారు. ఆ తరవాత తీర్పు చెప్పారు. "పన్ను పన్నే పిన్నిగారండీ, కాయలకి రసీదు రాయడానికి మా పుస్తకంలో గడి లేదు. అపరాధ రుసుము మాత్రం తీసేయిద్దాం. ఏరా, ఆ మూడొందల కాయలూ రేపటికల్లా పిన్నిగారికి తిరిగిచ్చెయ్. ఒలిచినవే."

బిల్లుకలెక్టరుకి ఒక్క కొబ్బరిచెట్టు కూడా లేదు. ఆ వారం మా వీధిలో దింపు అయింది మాకొక్కళ్ళకే. ఆ సాయంత్రమే వచ్చి మా దొడ్లో కాయల రాశి ముందు నిలబడ్డాడు.

"మామ్మగారండీ, కాయ ఎంతకిస్తారండి?"

అత్తగారు బజారు ధర చెప్పి, దాని మీద ఒలుపు కూలి కలిపారు. ఆయన డబ్బు లెక్కపెట్టి ఆవిడ చేతిలో పోశాడు. ఆవిడ మూడొందలు ఎంచి ఇచ్చారు. ఆయన వాటిని రాశికి తూర్పువైపు నుంచి పడమటివైపుకి మోసి, "ఇవిగోనండి మీ కాయలు," అన్నాడు.

"మళ్ళీ ఎంచు," అన్నారావిడ.

మర్నాడు ఆవిడే ఆ డబ్బు కొంగున ముడివేసుకుని పంచాయతీకి వెళ్ళి ఐదేళ్ళ పన్నూ కట్టారు. కాస్త తక్కువ పడితే నేను వేశాను. తలుపుల్ని మళ్ళీ రిక్షాలో తెచ్చుకుని గుమ్మానికెక్కించాం. నా విమానం నేను ఎక్కాను. ఆ రసీదు వీధిలో ఇంటింటికీ తీసుకెళ్ళి చూపిస్తూ ఆవిడ అన్న మాట ఒకటే.

"కాయలతోనే కట్టేను. నేను మొదట్నించీ అదే కదండీ చెబుతోంది."

లెక్క చూస్తే అది నిజమే మరి.

ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో పెద్దల మాట నెగ్గాలి, చిన్నవాళ్ళ కష్టం నిలవాలి. మీ దొడ్డి పాడితో నిండాలి. ఏ సర్కారు కాగితమూ మీ గుమ్మానికి అంటకుండా, పిల్లాపాపలతో పదికాలాలు చల్లగా ఉండండి.