మేకకు చెప్పిన పాఠం

పశువు ఎదురుగా ఉంటే భీమన్న మనిషితో మాట్లాడడు. కొత్తకోటలో ఇది అందరికీ తెలుసు. పశువుల దవాఖానలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఊరు ఆయన్ను వదల్లేదు, ఆయన అలవాటును వదల్లేదు. రోగం సంగతి అడిగేది బర్రెను. మందు ఎట్లా వాడాలో చెప్పేది బర్రెకు. యజమాని పక్కన గుంజలా నిలబడి వినాలి.

లలితమ్మ బర్రె పాలు తగ్గించింది. భీమన్న దాని కళ్లలోకి చూసి, "ఏందే, తాగనీకె నీళ్లు పెడ్తలేరా? సీరియల్ అయిపోయినంక పెడ్తమన్నరా?" అని అడిగాడు. లలితమ్మకు రోషం వచ్చింది. ఆమె కూడా బర్రెతోనే అంది, "రెండు పూటల పెడ్తున్నరని చెప్పవే ఆయనకు." భీమన్న బర్రె మూతి దగ్గర చెవి పెట్టి కాసేపు విన్నాడు. "ఒక్క పూటనేనట" అన్నాడు. మర్నాటి నుంచి కొట్టంలో రెండు తొట్లు కనిపించాయి.

ఒకసారి వనపర్తి నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. అప్పుడు భీమన్న ఒక పొట్టేలుకు కట్టు కడుతున్నాడు. ఆఫీసరు అడిగిన ప్రతిదానికీ జవాబు పొట్టేలుకు వెళ్లింది. పావుగంటకు ఆఫీసరే ఓడిపోయి, మందులు ఎన్ని ఉన్నాయని పొట్టేలును అడిగాడంటారు. ఇంట్లో కూడా ఇంతే. కూరలో ఉప్పు తక్కువైతే కోడికి చెబుతాడు. కోడి బయటికి పోయిన రోజు చప్పటి కూర తింటాడు.

షరీఫ్ కూతురు ఉజ్మా ఈ కథలన్నీ విని నవ్వుతూ పెరిగింది. షరీఫ్‌కు హైవే పక్కన మెకానిక్ షెడ్డు ఉంది. భీమన్న మోపెడ్ వారానికోసారి అక్కడ ఆగుతుంది. మోపెడ్ పశువు కాదు కాబట్టి షరీఫ్‌తో ఆయన మామూలుగానే మాట్లాడతాడు.

ఇంటర్ అయ్యాక ఉజ్మా పశువుల డాక్టరు కావాలనుకుంది. గల్ఫ్‌లో ఉండే మామ దానిష్ అక్కడి పెద్ద పశువుల ఆసుపత్రిలో నెల రోజుల ఇంటర్న్‌షిప్ ఇప్పించాడు. ఒంటెలకు ఆపరేషన్లు చేసే చోటని ఫోన్లో చెప్పాడు. ఒంటెలు ఉన్న మాట నిజమే. అవి అద్దాల తలుపు అవతల ఉన్నాయి. ఉజ్మాను ఇవతల పిల్లుల గదిలో ఉంచారు. నెలంతా ఆమె స్నానమైన పిల్లులకు హెయిర్ డ్రయ్యర్ పట్టింది, మెడలో రిబ్బన్లు కట్టింది. ఒంటెను ఒక్కసారి చూసింది, అదీ తోక. చివరి రోజు బంగారు అంచు సర్టిఫికెట్ ఇచ్చి పంపారు.

షరీఫ్ దాన్ని షెడ్డు గోడకు, టైర్ల పైన వేలాడదీశాడు. పంక్చరు కోసం ఆగిన ప్రతి లారీ డ్రైవరుకూ చదివి వినిపించాడు. ఊరి వాళ్లు కుంటే ఆవునూ దగ్గే మేకనూ పట్టుకుని ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఉజ్మా తలనొప్పని తలుపేసుకునేది. కాలేజీ సీటుకు కౌన్సెలింగ్ సోమవారం హైదరాబాద్‌లో. తాను పోనని ఆదివారం పొద్దున తల్లి రహీమాబీతో చెప్పేసింది.

"నాకేం రాదు, అమ్మీ. పశువును ఎట్ల పట్టాల్నో గూడ తెల్వదు. బీకాం చేస్త."

రహీమాబీ వాదించలేదు. తండ్రికి అన్నం ఇచ్చి రమ్మని టిఫిన్ డబ్బా చేతిలో పెట్టింది.

షెడ్డులో భీమన్న మోపెడ్ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఉజ్మా డబ్బా దించేలోపే మేకలు పెంచే ఎల్లయ్య ఎక్కిన ఆటో వచ్చి ఆగింది. అందులో తొలిచూలు మేక పడుకుని మూలుగుతోంది. తెల్లవారి నుంచి ఈనలేక పోతోంది. రెండు చిన్న గిట్టలు బయటికి వచ్చి అక్కడే ఆగిపోయాయి. దవాఖాన మూసి ఉంది. ఎల్లయ్య గోడ మీది సర్టిఫికెట్‌ను చూశాడు, తర్వాత ఉజ్మాను చూశాడు.

"డాక్టరమ్మా, జర సూడు."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఉజ్మా డబ్బాతో సహా ఒక అడుగు వెనక్కి వేసింది.

మేకను దించి గోనెసంచి మీద పడుకోబెట్టారు. భీమన్న లేచి చేతులు కడుక్కుని ప్రయత్నించాడు. ఆయన అరచెయ్యి చాటంత ఉంటుంది. లాభం లేక మేక తల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నా చెయ్యి పట్టదు తల్లీ" అన్నాడు మేకతో. "డాక్టరమ్మది సన్న చెయ్యి. ఆమె సూస్తది. ముందుగాల మోచేతి దాక సబ్బుతోని కడుక్కుంటది."

ఉజ్మా కడుక్కుంది.

"గిప్పుడు నూనె రాసుకుంటది. వేళ్లన్నీ దగ్గరికి పట్టి మెల్లగ పెడ్తది. నువ్వు ముక్కినప్పుడు ఆగుతది."

వేళ్లకు వెచ్చటి చీకటి తగిలింది.

"కాలు పట్టుకొని మీదికి తడుముతది. రెండు కీళ్లు ఒక్క దిక్కే వంగితే ముందరి కాళ్లని ఆమెకు తెలుసు."

ఒక్క దిక్కే వంగాయి. ఉజ్మా తల ఊపింది. భీమన్న మేక చెవి నిమిరాడు.

"పిల్ల తల ఎనక్కి మళ్లింది. జర లోపలికి నెట్టి జాగ చేస్తది. మూతిని అరచేతిల పట్టి ముంగటికి తిప్పుతది. తొందరపడదు."

ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమె వేలు ఎక్కడికి చేరబోతోందో ఆ మాట అక్కడికి ముందే చేరుతోంది. ఆసుపత్రి అద్దంలోంచి ఆమె నెల రోజులు వెతికింది ఈ విద్యనే. అరచేతిలోకి చిన్న మూతి వచ్చింది. ఇంకా పుట్టని ఆ పిల్ల ఆమె వేలిని చప్పరించింది.

కాసేపటికి అది గోనెసంచి మీద పడి, ముక్కు తుడవగానే తుమ్మింది.

చేతులు కడుక్కుంటుంటే ఉజ్మాకు అర్థమైంది. భీమన్న ఒక్క మాట కూడా ఆమెతో అనలేదు. అందుకే ఆమెకు ఏమీ రాదని ఎవరికీ తెలియలేదు. లలితమ్మను కూడా ఆయన తిట్టలేదు, బర్రెను పలకరించాడు. దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టర్లు ఎందరు ఆయన మేకలకూ ఎడ్లకూ చెప్పిన మాటలు విని, యజమానుల ముందు తల దించుకోకుండా పని నేర్చుకున్నారో.

"గా దేశంల మంచిగ నేర్పిన్రు" అన్నాడు ఎల్లయ్య.

"అక్కడ పిల్లులకు రిబ్బన్లు కట్టిన, మామా" అంది ఉజ్మా. "ఇది గిప్పుడే, భీమన్న కాక నేర్పిండు."

షరీఫ్ పానా పక్కన పెట్టి గోడ మీది సర్టిఫికెట్ వైపు చూశాడు. భీమన్న తడి మేకపిల్లను ఒళ్లోకి తీసుకుని, నొచ్చుకున్నట్టు దాంతో అన్నాడు:

"సూసినవా? ఇంతసేపు కష్టపడి నేను దాస్తే, ఒక్క ముక్కల చెప్పేసింది."

సోమవారం పొద్దున హైదరాబాద్ బస్సులో ఉజ్మా పక్క సీటామె రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, ఎక్కడిదమ్మా ఈ మేక వాసన అని అడిగింది. ఉజ్మా చేతులు చూపించింది.